రౌండప్ శాస్త్రం: ఏలూరు అధ్యాయం

డిసెంబరు ఆఖరి వారంలో తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో కోతకొచ్చే ఏడాది సమీక్షల పంటను రౌండప్ అంటారు. 1989లో 'ఈనాడు' జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టి, తక్కిన పత్రికలు ఆ దారి పట్టాక, ప్రతి జిల్లాకూ సొంతంగా ఒక ఏడాది ఏర్పడింది. ఏలూరుకూ ఒకటుంది. దానికి ముడిసరుకు పాత ఫొటోలు, మూడు శీర్షికలు: కాలచక్రం గిర్రున తిరిగింది, తీపి గురుతులు–చేదు జ్ఞాపకాలు, కోటి ఆశలతో స్వాగతం. ఏ సంవత్సరానికైనా ఇవే సరిపోతాయి, అంకె మారిస్తే చాలు.

కూర్పు నెలల వారీగా సాగుతుంది. జనవరిలో కోడిపందేలపై పోలీసుల హెచ్చరికలు, ముస్తాబైన బరులు ఒకే పేరాలో తగాదా లేకుండా కాపురం చేస్తాయి. వానాకాలంలో కుక్కునూరు, వేలేరుపాడు మునుగుతాయి, నాయకులు పడవ ఎక్కుతారు. సంస్కృతి విభాగానికి శాలువాల లెక్క సరిపోతుంది.

రౌండప్‌కు మూడు సూత్రాలున్నాయి.

మొదటిది, జరిగినదల్లా ముగిసినట్టే. 2020 డిసెంబరు 5 నుంచి ఏలూరులో వందల మంది మూర్ఛతో, కళ్లు తిరిగి పడిపోయారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. తర్వాత పురుగుమందుల అవశేషాలన్నారు. అవి ఒంట్లోకి ఏ దారిన చేరాయో తేల్చేందుకు దీర్ఘకాలిక అధ్యయనం చేయిస్తామన్నారు. ఆ ఏడాది రౌండప్‌కు 'వింత వ్యాధి' అచ్చంగా వేళకు అందివచ్చింది. అధ్యయనం మాత్రం దీర్ఘకాలికం, రౌండప్ ఆయుష్షు పన్నెండు నెలలు. ఈ రెంటికీ జాతకాలు కలవవు.

రెండోది, కూల్చినది కూలినట్టే. కొల్లేరు సరస్సు 1999లో ఐదో కాంటూరు (ఎత్తు గీత) వరకు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో చేపల చెరువుల గట్లు పేల్చారు. ఆ ఏటి లెక్కలో కొల్లేరుకు విముక్తి లభించింది. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని రాష్ట్ర శాసనసభే తీర్మానించింది. గట్లూ మళ్లీ లేచాయి. విముక్తి ఒక ఏడాది పద్దు, ఆక్రమణ మరో ఏడాది పద్దు. రెంటినీ ఒకే పేజీలో చదివే దుస్థితి పాఠకుడికి రాదు. పైగా 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా పుట్టి కైకలూరును కలుపుకునేదాకా, సరస్సులో ఒక ముక్క కృష్ణా పేజీలో, ఇంకో ముక్క పశ్చిమగోదావరి పేజీలో ఏడాది గడుపుకునేవి. ఆటపాకకు వచ్చే గూడబాతులే సమగ్ర సమీక్ష చేయగలిగేవి.

మూడోది, గడువు చెబితే పని జరిగినట్టే. 2004లో మొదలైన పోలవరం ప్రాజెక్టుకు 2018 అన్నారు, 2021 అన్నారు, 2022 అన్నారు, ఇప్పుడు 2027 అంటున్నారు. నడుమ వరదలకు డయాఫ్రం వాల్ దెబ్బతింటే 2025లో కొత్తది మొదలుపెట్టారు. ఏ డిసెంబరులోనైనా 'శరవేగంగా పనులు' అని అచ్చేయవచ్చు. వేగం నిజమే, గడువు అంతకన్నా వేగంగా ముందుకు పరిగెడుతుంది.

ఉగాది పంచాంగానికి ఇంతకన్నా మొహమాటం తక్కువ. ప్రతి రాశికీ ఆదాయం పక్కనే వ్యయాన్నీ, రాజపూజ్యం పక్కనే అవమానాన్నీ వేస్తుంది. రౌండప్‌లో రాజపూజ్యం గడి ఒక్కటే నిండుతుంది.

ఈ లోపానికి మందు తేలికే. నిరుటి రౌండప్‌లో చెప్పినవి ఏమయ్యాయో రాసే ఒక పెట్టె చాలు. అది పెట్టకపోవడానికి కారణం పక్క పేజీలో దొరుకుతుంది. అక్కడ నిండు పేజీ నూతన సంవత్సర శుభాకాంక్షల ప్రకటన ఉంటుంది. అందులో చేతులు జోడించి నవ్వుతున్నది ఆ పెట్టెలో జవాబు చెప్పాల్సినవాళ్లే. వాళ్లిచ్చిన డబ్బుతోనే రౌండప్ రంగుల్లో వస్తుంది.