పప్పు ఆంధ్రాలో, తాలింపు ఒడిశాలో

లారీ డ్రైవరు తిండి గురించి ఊళ్ళో వాళ్ళకు రెండే అభిప్రాయాలు. డాబాలో నులకమంచం మీద బాసింపట్టు వేసుక్కూర్చుని రోజూ కోడికూర లాగిస్తాడనేది ఒకటి. టీలు, బీడీలతో పేగులు మాడ్చుకుంటాడనేది రెండోది. మొదటి మాట మా ఆవిడది, రెండోది మా అమ్మది. ఇద్దరికీ సర్దిచెప్పలేక ఊరుకున్నాను గానీ, విజయవాడ నుంచి కలకత్తాకి సుమారు 1,200 కిలోమీటర్ల దారిలో మేము తినే వంకాయ ఎండురొయ్యల కూర ఆ ఇద్దరిలో ఎవరూ ఇంట్లో వండలేదు. ఈ మాట ఇక్కడ రాస్తున్నాను, ఇంట్లో అనను.

మా క్లీనరు నా మేనల్లుడే. పదో తరగతితో చదువుకి దణ్ణం పెట్టి బండెక్కాడు. స్పానరు పట్టుకోవడం రావడానికి ఏడాది పట్టింది గానీ గరిటె మాత్రం మొదటి రోజే పట్టాడు. వంటగది బండికి ఎడమ పక్కన ఉంటుంది. కుడి పక్క వండితే వెనకొచ్చే బస్సు గిన్నెతో సహా పట్టుకుపోతుంది. ఎడమ పక్క పెట్టెలో స్టవ్, గిన్నెలు, బియ్యం, కందిపప్పు, చింతపండు, కందిపొడి, మూడు రకాల పచ్చళ్ళు. జాకీ, గ్రీజు ఉండే పెట్టె వేరు. గ్రీజు డబ్బాకీ గోంగూర డబ్బాకీ చీకట్లో తేడా తెలియదు కాబట్టి ఈ రెండు శాఖలనీ కలపకూడదన్నది మా బండి రాజ్యాంగంలో మొదటి అధికరణం.

ఒకప్పుడు కిరసనాయిలు పంపు స్టవ్ ఉండేది. దాని పిన్ను వెతకడానికి పట్టే టైములో అన్నం ఉడికిపోయేది, స్టవ్ వెలిగుంటే. ఇప్పుడు 5 కిలోల చిన్న సిలిండరు వచ్చింది. పెట్రోలు బంకుల్లోనే అమ్ముతున్నారు. దాన్ని క్యాబిన్‌లో మాత్రం వెలిగించం. చలికాలం ఒడిశాలో మంచు కురిసినా సరే, కిందకి దిగాల్సిందే. తలుపులు బిగించుకుని లోపల పొయ్యి పెట్టినవాళ్ళు తెల్లారి లేవరు.

రోడ్డు పక్క వంటలో అసలు శత్రువు గాలి అనుకుంటారు. గాలికి పట్టా అడ్డం కట్టొచ్చు. అసలు శత్రువు వాలు. రోడ్డు అంచెప్పుడూ వాననీరు పోవడానికి పక్కకి వాలి ఉంటుంది. ఆ వాలు మీద గిన్నె పెడితే ఎసరంతా ఒక పక్కకి జారుతుంది. పల్లం వైపు అన్నం గంజిముద్ద, మిట్ట వైపు పలుకు. టైరు కింద పెట్టే చెక్క దిమ్మ తెచ్చి స్టవ్ ఒక కాలు కింద దోపి, చెంబులో నీళ్ళు పోసి మట్టం చూసి, ఒంటికన్ను మూసి మళ్ళీ చూసి, అప్పుడు బియ్యం పోస్తాడు మావాడు. ఇల్లు కట్టే మేస్త్రీలు కూడా ఇంత శ్రద్ధ పెట్టరు. అంత చేసినా ఒక్కోసారి ఒకే గిన్నెలో రెండు రకాల అన్నం తయారవుతుంది.

"మావయ్యా, నీకు పళ్ళు కదులుతున్నాయి కదా, మెత్తనిది నీది," అంటాడు.

కూర ఏమిటనేది మా ఇష్టం కాదు, వెనక లోడు ఇష్టం. గుంటూరు మిర్చి బస్తాలు వేసుకుంటే దారి పొడుగునా తుమ్ములే, నాలుకకి కారం సయించదు, అందుకని పెసరపప్పు, సొరకాయ. భీమవరం వైపు నుంచి చేపల లోడైతే అసలు వంటే లేదు. పెట్టెల్లో ఐసు కరుగుతుంటే ఇంకెవడు పొయ్యి వెలిగిస్తాడు? హౌరాలో దింపేదాకా కాలు యాక్సిలరేటరు మీదే. వెనక టన్నులకొద్దీ కట్లా, రోహు. ముందు మేమిద్దరం బన్ను, అరటిపండు. ఇంత దగ్గర్నుంచి చేపలకి ఇంత దూరమైనవాళ్ళు భూమ్మీద లేరు. పెట్రోలు ట్యాంకరోళ్ళ బతుకు మరీ అన్యాయం, బండి దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు. వాళ్ళు పళ్ళెం పట్టుకుని దూరం నుంచి నడిచొస్తారు. పెడతాం. పళ్ళెంతో వచ్చినవాణ్ణి ఎక్కడివాడని అడగం.

అయితే లారీలో బాగా తినాలంటే వంటొస్తే చాలదు, బండిని ఎవడో ఒకడు ఆపాలి. ఆ పని ప్రభుత్వం ఒకప్పుడు చాలా చక్కగా చేసేది. ఇచ్ఛాపురం దాటగానే పురుషోత్తపురం చెక్‌పోస్టు, దాని అవతల ఒడిశా వాళ్ళ గిరిసోల గేటు. అటు దక్షిణాన తడ. లారీలు బారులు తీరి గంటలకొద్దీ ఆగేవి. కాగితాలు పట్టుకుని నేను కౌంటరు దగ్గర నిలబడితే మావాడు బండి పక్కన పొయ్యి పెట్టేవాడు. వాడే కాదు, ఆ వరసలో ప్రతి బండి పక్కనా ఒక పొయ్యి. ఒకచోట ఆవనూనె ఘాటు, ఇంకోచోట సాంబారు, పంజాబీ బండి దగ్గర రొట్టెలు కాలే వాసన. భాష రాకపోయినా బేరం కుదిరేది: మన ఆవకాయ ముక్క రెండు రొట్టెలు పలికేది. మాగాయకి మూడు కూడా ఇచ్చారు.

చిక్కల్లా క్యూ కదలడంతోనే. పప్పు సగం ఉడికేసరికి ముందు బండి కదిలేది. మనం కదలకపోతే వెనక హారన్లు. నేను గేరేస్తే, వాడు స్టవ్ ఆపి, తువ్వాలుతో గిన్నె పట్టుకుని, బండి పక్కనే ఉత్సవ విగ్రహంలా నడిచొచ్చేవాడు. రెండు బండ్ల పొడుగు ముందుకెళ్ళి ఆగడం, మళ్ళీ దిమ్మ, మళ్ళీ చెంబు, మళ్ళీ ఒంటికన్ను. ఈ లెక్కన పప్పు పురుషోత్తపురంలో ఎక్కిస్తే తాలింపు గిరిసోలలో పడేది. రెండు రాష్ట్రాల్లో ఉడికిన పప్పుకి ఎక్కడ పన్ను కట్టాలో ఏ అధికారీ అడగలేదు, అదొక్కటే అదృష్టం.

2017 జూలైలో జీఎస్టీ వచ్చింది, అమ్మకం పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు. దేశమంతా పండగ చేసుకుంది. ఓనరు గారు స్వీట్లు పంచారు. నేనూ ఒక లడ్డు తిన్నాను గానీ గొంతు దిగలేదు. తర్వాత 2021లో టోల్‌గేట్ల దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు, ఆ కాస్త ఆగడమూ పోయింది. మా నడుములకి మేలే జరిగింది, కాదనను. పప్పుకి మాత్రం అన్యాయం జరిగింది.

దానికి తోడు జీపీయస్. బండి ఇరవై నిమిషాలు ఆగితే విజయవాడలో ఓనరు గారి ఫోను కుయ్యిమంటుంది. "ఎందుకాగింది?" అని అడిగితే "పోపు మాడకుండా" అని చెప్పలేం కదా. కొత్త బండ్లలో ఏసీ కూడా వచ్చింది, 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీలకి ఏసీ క్యాబిన్ ఉండాల్సిందేనని కేంద్రం రూలు పెట్టింది. చల్లగా బానే ఉంటుంది. పాత బండిలో మాత్రం ఇంజను బానెట్ క్యాబిన్ మధ్యకి పొడుచుకొచ్చి ఉండేది. పాలల్లో తోడేసి క్యాను దాని పక్కన పెడితే రాజమండ్రిలో పాలు తునిలో గడ్డపెరుగు. ఏసీ బండిలో ఆ పాలు పలాస దాటినా పాలే. పైగా అద్దాలు బిగించుకున్నాక ఎండురొయ్యల మూట లోపల పెడితే, దాన్ని దించినా వాసన దిగదు.

డాబాలని తిట్టను. ఒడిశాలో పహాళ దగ్గర రసగుల్లాల కోసం ఏ బండైనా ఆగాల్సిందే, ఆగకపోతే ఆ డ్రైవరు లైసెన్సు రద్దు చెయ్యాలి. కానీ డాబా దాల్ ఫ్రై మూడుపూటలు వరసగా తింటే నాలుగో పూటకి కడుపు రాస్తారోకో మొదలెడుతుంది. ఇంకో సంగతి: పప్పన్నం, నెయ్యి, గడ్డపెరుగు కడుపునిండా తిని స్టీరింగ్ పట్టినవాడికి రోడ్డు రెండుగా కనిపిస్తుంది. అందుకే రాత్రి బండి తోలేటప్పుడు పిడికెడు వేరుశెనగలు, టీ. అసలు భోజనం తెల్లారి, పడుకోబోయే ముందు. ఈ వేళలు చెబితే డాక్టరు తల పట్టుకుంటాడు, ఆయనకి నైట్ డ్యూటీ లేదు కాబోలు.

ఇప్పుడు మాకు మిగిలిన ఏకైక ఆధారం నో ఎంట్రీ బోర్డు. పెద్ద ఊళ్ళలోకి పగలు లారీల్ని రానివ్వరు. కార్లవాళ్ళకి ఆ బోర్డు కనిపించదు, మాకది వంటింటి గుమ్మం. మొన్న కలకత్తా బయట అలాగే ఆగాం. దారిలో కొన్న వంకాయలు, ఇంటి దగ్గర్నుంచి తెచ్చిన ఎండురొయ్యలు. రొయ్యల తలలు తుంచి, దోరగా వేయించి, ఉల్లిపాయ మగ్గాక వంకాయ వేసి మూతపెట్టాడు. చింతపండు పులుసు ఎప్పుడు పొయ్యాలన్న దాని మీద మా ఇద్దరికీ చర్చ నడుస్తుండగా ఫోను మోగింది. చేతులు పులుసులో ఉండి స్పీకరు నొక్కాడు.

"ఏరా, బండి ఇంకా కదల్లేదేంటి?"

"నో ఎంట్రీ అండీ."

"రాత్రయింది కదరా, నో ఎంట్రీ ఎత్తేసి గంటయింది!"

మావాడు మూత తీసి, గరిటెతో ఒక ముక్క నొక్కి చూశాడు.

"పోలీసోళ్ళు వదిలేశారండీ. వంకాయే ముదురు, అదే వదలట్లేదు."