ఒక కోలబంతి వాఙ్మూలము

నేను అమెరికన్ ఫుట్‌బాల్ ఆట బంతిని; అమెరికాదేశమున ఒహాయో రాష్ట్రమందలి ఏడా అను చిన్న పట్టణము నా జన్మస్థానము. నన్ను ‘పందితోలు’ అని పిలుచుట అచ్చటి వాడుకయే గాని, నా మేను నాలుగు ముక్కలుగా కుట్టిన పశుచర్మము. పూర్ణచంద్రుని వలె గుండ్రముగా పుట్టియున్నచో నాకు నిలకడలేనిదను అపకీర్తి రాకపోవును. రెండు కొనలు తేరిన నేను నేలబడి ఎటు ఎగురుదునో నాకే తెలియదు. అందుచేత నేను చేజారి పరులపాలైనపుడెల్ల ఓడినవారు దైవమును దూరుటయు, గెలిచినవారు తమ క్రమశిక్షణను పొగడుకొనుటయు వినివిని విసిగితిని.

1978 నవంబరు 19న న్యూయార్క్ జెయింట్స్ జట్టు 17–12తో ముందంజలో నుండి, మోకాలు నేలకానించి కాలము గడపిన చాలునన్న తరుణమున, ఆ జట్టువాడైన జో పిసార్చిక్ నా జ్ఞాతియైన బంతిని తోడి ఆటగాడు లారీ జాంకాకు అందింపబోయి జారవిడిచెను. ఆ దుడుకు మనుష్యులది. నేలనుండి ఎగిరి ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఆటగాడు హెర్మన్ ఎడ్వర్డ్స్ చేతులలో వాలుట మాత్రము మా వంకర మేనిది. ఆతడు 26 గజములు పరుగెత్తగా ఈగిల్స్ 19–17తో గెలిచిరి. అదే జెయింట్స్ జట్టున టీకీ బార్బర్ 2003లో తొమ్మిది మారులు బంతిని జారవిడిచినవాడు, మరుసటి యేడు వచ్చిన శిక్షకుడు టామ్ కాఫ్లిన్ దానిని రొమ్మునకెత్తి కదిమి పట్టుట నేర్పగా, 2005లో ఒక్కమారే జారవిడిచెను. అంతయు అదృష్టమే యైనచో, అది ఆతని మోచేతి మడతను చూచి వెనుదీయనేల?

ఇక నా సంగతి. ఒక పాఠశాల మైదానమున ఊడిగము చేయుచుండగా, వానసాయంకాలమున ఒక కుర్రవాడు నన్ను రొట్టెముక్క వలె ఒంటిచేత ఊపుచు పరుగెత్తి, జారవిడిచి, ‘పాడుబంతి తడిసినది’ అని నింద నాపై మోపెను. పొడిగుడ్డతో తుడుచువారైనను లేక, తోలు బిరుసెక్కి, గాలి దిగి, సామానుల గదిలో చినిగిన వలక్రింద ఎన్ని ఋతువులు గడపితినో! తెల్లని నా త్రాటిని ఎలుకలు కొరికినవి. మైదానమున కేకలు వినబడినపుడెల్ల, ఎవరి చేయి సడలెనో యని తలుపువైపు చూచుచుందును.

నిన్న ఒక బాలుడు నన్ను వెలికితీసి, చంకలో బిగించి, తోడివారు ఎంత తట్టినను విడువక ప్రాంగణమెల్ల తిరిగెను. ఎన్నాళ్ళకో ఒక పట్టు దొరికెనని నేను పొంగుచుండగనే, ‘ఇందులో గాలి లేదురా’ యని మూలకు విసరెను. పడినచోటనే పడితిని, ఈమారు ఎటును ఎగురలేదు.