గుళికాస్నేహయోగము: సటీకాతాత్పర్యము

అమెరికా దేశమున న్యూ మెక్సికో రాష్ట్రమందు, రేటన్ పట్టణము చెంతనున్న విటింగ్టన్ సెంటర్ అను విశాలమైన తుపాకి మైదానమున, ఉక్కురేకులతో కోసిన కోళ్లను 200 మీటర్లకు, పందులను 300 మీటర్లకు, టర్కీకోళ్లను 385 మీటర్లకు, పొట్టేళ్లను 500 మీటర్లకు నిలిపి, షార్ప్స్, రెమింగ్టన్ మున్నగు 19వ శతాబ్దపు మచ్చు తుపాకులతో, ఆనాటివలెనే సురేకారమును బొగ్గును గంధకమును కలిపిన పొగమందు దట్టించిన ఇత్తడి తూటాలతో, వానిని పడగొట్టుట యొక క్రీడ. పెద్దమనుష్యులు ఎండలో బోర్లపడుకొని ఇనుప పొట్టేళ్లను కాల్చుకొందురు గాక. ఆ పొట్టేళ్లకు లేని బాధ నాకేల? నన్ను బాధించునది తూటాకొసనున్న సీసపు గుండుకు పూయు కందెన. కాదు, కందెనయు కాదు. దానిని ఇంట వండుకొనువాడు దానిని గూర్చి పలుకు తీరు. పాకమేమని యడిగినంతనే వాడు కన్నులు సగము మూసి, గొంతు తగ్గించి, అపాత్రునకు ఉపనిషద్రహస్యము చెప్పవలసివచ్చినవానివలె నిట్టూర్చి, ఎట్టకేలకు పలుకునది ఇంతమాత్రము. ఒక్కొక్కనోట ఒక్కొక్క విధముగ వినబడుదానిని కూర్చి మూలముగా నిలుపుచున్నాను.

మూలము: “తేనెమైనము రెండు పాళ్లు, కొవ్వు ఒక పాలు, క్రిస్కో గరిటెడు, ఆముదము తగినంత. సన్నని సెగపై కరగించి చల్లార్పవలెను. మట్టినూనె సంబంధమైన దేదియు చేరరాదు. ఇంకొక వస్తువు కలదు, చెప్పను. ఇది మా తాతగారి తాత బైసనులను వేటాడిన నాటి యోగము.”

మెతుకుసీమలోని కొలిచెలమవాడైన మల్లినాథసూరి, మూలమున లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ప్రతిజ్ఞ చేసినాడు. ఆయనకు కాళిదాసు దొరకెను గనుక ఆ ప్రతిజ్ఞ చెల్లినది. నాకు దొరకిన మూలమున ఉన్నదే స్వల్పము. కావున లేనిది వ్రాయక గతిలేదు.

శాస్త్రారంభమున విషయ ప్రయోజన సంబంధాధికారులను చెప్పుట పెద్దల మర్యాద. విషయము కందెన. ప్రయోజనమును మూలకారుడు మరచినాడు గనుక నేను చెప్పవలసియున్నది. నూరుపాళ్లలో 75 సురేకారము, 15 బొగ్గు, 10 గంధకముగా కలిసిన ఈ మందు కాలినప్పుడు, తూకమున సగమునకు పైబడినది వాయువు కాక ఘనరూపముననే మిగులును. అందు కొంత పొగతో కూడ వెడలిపోయినను, తక్కినది పొటాసియం కార్బొనేటు, సల్ఫేటు మున్నగు లవణములతో కూడిన నల్లని మడ్డియై గొట్టపు లోపలి మెలికగాళ్లలో పేరుకొనును. తేమయున్నంతవరకు అది బురద. రేటన్ వంటి మిట్టపట్టుననుండు పొడిగాలిలో, కాగిన గొట్టములో, అది పెంకు. ఆ పెంకుపై ఒరసికొనుచు పోవు మెత్తని సీసము గీచుకొనిపోయి, గుండు పొట్టేలును విడిచి వెనుకనున్న గుట్టను కొట్టును. గుండు నడుమునకు చుట్టును గాళ్లు తీసి వానిలో కందెన నింపుట, తరువాతి గుండు వచ్చువరకు ఆ మడ్డిని మెత్తగా నుంచుటకే. కొందరు కాల్పునకు కాల్పునకు నడుమ సన్నని గొట్టమొకటి తుపాకి వెనుకభాగమున చొనిపి తమ ఊపిరిని లోనికి ఊదుదురు. ఊపిరిలోని తడి ఆ మడ్డిని నానబెట్టును. కందెన చాలినదా యను సందేహమునకు తుపాకి మూతియే సాక్షి: అచ్చట చుక్కవలె విచ్చుకొన్న జిడ్డు కనబడినచో చాలినది, ఎండి బూడిదరంగున నున్నచో చాలలేదు. కన్నులున్న ప్రతివాడును చేయదగిన ఈ పరీక్షను గూర్చి మూలమున ఒక్క అక్షరము లేదు. సంబంధము స్పష్టము. ఇక అధికారి యెవడన, వంటయింటి గిన్నెలపై స్వాతంత్ర్యము గలవాడు. గొర్రెకొవ్వు కరగునప్పటి వాసన కిటికీతెరలను తొందరగా విడువదు గనుక, ఇల్లాలి అనుమతి లేనివానికి ఈ శాస్త్రమున ప్రవేశము లేదు.

“తేనెమైనము”: స్పష్టము.

“రెండు పాళ్లు”: తూకముననా, కొలతననా? ఈ ప్రశ్న అడిగినవానిని మూలకారుడు కరుణతో చూచును. కరగిన మైనమును కరగిన కొవ్వును గిన్నెతో కొలిచినచో చిక్కులేదు. రెండింటి సాంద్రతలును నీటికన్న కొంచెము తక్కువగా ఇంచుమించు ఒక్కటియే గనుక, తూచినను కొలిచినను వచ్చు భేదము లెక్కింపదగినది కాదు. కాని మైనమును తురిమి గిన్నెకు నింపువాడు మైనముతోపాటు గాలిని కూడ కొలుచుచున్నాడు. వాని రెండు పాళ్లు తూకమున ఒక పాలైనను కావచ్చును. అట్టి కందెన ఎండలో గాళ్లనుండి జారి మందును తడుపును. అప్పుడు వాడు మైనమును నిందించును, తేనెటీగలను నిందించును, ఋతువును నిందించును.

“కొవ్వు”: ఎవరిది? ఇచ్చట కొంచెము నిలువవలెను.

ఈ ప్రశ్నను అడుగక ఊరకుండిన ప్రభువులు మన దేశముననే యుండిరి. 1853 నమూనా ఎన్‌ఫీల్డు తుపాకికి తూటా కాగితపుది. మందును గుండును ఒక్క చుట్టలో పొదిగి, గుండున్న కొసకు కందెన పట్టించెడివారు. సిపాయి రెండవ కొసను పంటితో చించి, మందును గొట్టములో పోసి, జిడ్డుకాగితముతో కూడ గుండును లోనికి దట్టింపవలెను. ఆ కందెనలోను కొవ్వే ప్రధానము. అది సిపాయిల ఆచారమునకు విరుద్ధము కాదని తేలువరకు ఆ తూటాలను దేశీయదళములకు ఈయరాదని కర్నల్ టక్కర్ అను అధికారి 1853లోనే వ్రాసి హెచ్చరించెను. కచేరీలలో కాగితములకు పట్టు గతియే దానికిని పట్టెను. 1857 జనవరిలో, కలకత్తా చెంతనున్న డమ్‌డమ్‌లో, ఒక ఖలాసీ దాహమునకు లోటా అడుగగా కులము పేరు చెప్పి ఈయననిన సిపాయితో, ఆవుకొవ్వును పందికొవ్వును పంట కొరుకనున్న నీకు కులమెక్కడిదని అతడు పలికినాడని ప్రసిద్ధి. అధికారులు గుట్టుగా విచారింపగా తేలినదేమన, కొవ్వు తెచ్చి పోయవలసిన గుత్తేదారుతో అది ఏ జంతువుదై యుండవలెనో, ఏ జంతువుది కారాదో, కట్టడి చేసినవాడే లేడు. గుత్తేదారుకు కొవ్వు కొవ్వే.

నన్ను ఆశ్చర్యపరచునది దీని తరువాతి ముచ్చట. డమ్‌డమ్ సిపాయిలు తుపాకి వలదనలేదు. మైనమును నూనెను కలిపి పూసికొనెదమనిరి. జనవరి 27వ తేదీన ప్రభుత్వము, తూటాలను కందెన పట్టింపకయే ఇచ్చి, సిపాయిలు తమకు నచ్చినదానిని తామే కలిపి పూసికొనవచ్చునని ఉత్తరువు చేసెను. ఇంట కలిపిన కందెనకు ఇంతకన్న గొప్ప సర్కారు సమ్మతి నేనెరుగను! అయినను అప్పటికే నమ్మకము పాడైనది. కందెన పోయినదన్న, కాగితము ఇట్లు మెరయుచున్నదేల యని శంక; పంటితో వలదు, చేతితో చింపుడన్న, ఇన్నాళ్లు పంటితో చింపుమన్నదేల యని శంక. ఏప్రిల్ 24న మీరట్‌లో 3వ తేలిక అశ్వదళమునందలి 90 మంది యెదుట తూటాలుంచగా 85 మంది ముట్టమనిరి. మే 9న కవాతు మైదానమున అందరును చూచుచుండగా వారికి సంకెళ్లు పడెను. మరునాడు మీరట్ లేచినది. మహావిప్లవమునకు జిడ్డే కారణమని చెప్పునంత అమాయకుడను కాను. అంతకు ముందటి యేడే అయోధ్యను కలుపుకొన్న పాపము కలదు, జీతబత్తెముల గొడవలు కలవు, భూముల దుఃఖములు కలవు. అయినను, ఇందేమున్నదని సేవకుడడిగినప్పుడు మొదటి నాడే నిజము చెప్పగలవాడు ఆ కొలువులో ఒక్కడును లేకపోయెను గదా యని, ఆ ఘట్టము చదివినప్పుడెల్ల ఒడలు మండును. చెప్పుటకు వారికి తెలియదు. తెలియదని ఒప్పుకొనుటకు నోరు రాదు.

మూలమును ఎచ్చట విడిచితిమి? కొవ్వు యొద్ద. గొర్రెకొవ్వు శ్రేష్ఠమని పలువురి మతము. పందికొవ్వు మెత్తన గనుక చలినాళ్లకు మేలని కొందరు. ఏదైనను ఉప్పు పట్టించినది పనికిరాదు, గొట్టము త్రుప్పుపట్టును. ఈ ఒక్క మాట మూలమున నున్నచో కొన్ని తుపాకులు బ్రదికెడివి.

“క్రిస్కో గరిటెడు”: తరువాత చెప్పబడును.

“ఆముదము తగినంత”: ‘తగినంత’ అనగా ఎంత? తెలిసినవానికి అది అక్కరలేదు, తెలియనివానికి దానివలన తెలియదు. ఇట్టి పదమును పాకశాస్త్రమున ప్రయోగించినవానికి గరిటె నిషేధింపవలెను. మన పల్లెలలో బండివాడు ఇరుసుకు వలసిన కందెనను ఆముదములో గడ్డిమసి కలిపి చేసికొని, వెదురుగొట్టములో పోసి బండి క్రింద వ్రేలాడగట్టుకొనెడివాడు. అడిగినవానికి చెప్పెడివాడు, అడుగనివానికి పూసి చూపెడివాడు. చక్రము కీచుమన్నచో తక్కువైనదని వానికి తెలియును, దుమ్ము ముద్దకట్టినచో ఎక్కువైనదని తెలియును. వాడు ఎన్నడును తన యిరుసును గూర్చి గొంతు తగ్గించి మాటలాడలేదు.

“సన్నని సెగపై కరగించి”: తేనెమైనము 64 డిగ్రీల సెంటిగ్రేడు లోపలనే కరగును, కావున నీళ్లు కాగుచున్న గిన్నెలో వేరొక గిన్నె నుంచి కరగించినచో చాలును. నేరుగ మంటపై పెట్టినచో మైనము నల్లబారును, ఏమరుపాటున అంటుకొనును. “చల్లార్పవలెను” అని మూలకారుడు ఒక్క మాటతో దాటవేసిన చోటనే ఈ విద్యలోని సొగసంతయు నున్నది. గుండ్లను అడుగు చదునైన పళ్లెమున, మొనలు పైకుండునట్లు, వరుసగా నిలువబెట్టి, కరగిన కందెనను పై గాడి మునుగునంతవరకు మెల్లగా పోయుదురు. అది పేరుకొనుచుండగా అంచులనుండి నడిమికి రంగు తిరుగును. పూర్తిగా గట్టిపడకమునుపు, వ్రేలితో నొక్కిన సొట్టపడు అదనున, ఆ పేరుకొన్న ముద్దను పళ్లెమునుండి వెలికి తీసి, గుండును బొటనవ్రేలితో ఒక్కటొక్కటిగా క్రిందికి త్రోయుదురు. ప్రతి గుండును తన గాళ్లలో నిండు కందెనతో, కమ్మి వేసినంత నునుపుగా, ఊడివచ్చును. మిగిలిన అచ్చు గుండ్రని చిల్లులతో జల్లెడయై నిలుచును. అదను తప్పినచో గాడిలోని కందెన పెళ్లగా రాలును. ఇది చూచినప్పుడు నాకు మూలకారునిపై కొంత గౌరవము కలిగిన మాట నిజము. ఆ గౌరవమును అతడు తరువాతి వాక్యమున పోగొట్టుకొన్నాడు.

“మట్టినూనె సంబంధమైన దేదియు చేరరాదు”: పొగమందు కాలినచోట వేసిలీను వంటివి తారువలె గట్టిపడునని వీరి సిద్ధాంతము. శుద్ధిచేసిన పేరఫిన్ మైనముతో తమకట్టి బాధ లేదని కొందరి పూర్వపక్షము. సిద్ధాంతి దీనికి సమాధానముగా చెప్పునది “మావారెవ్వరును వాడలేదు” అని. రెండు పక్షములవారును ఒకే తుపాకితో, ఒకే మందుతో, ఒకే గుండుతో, కందెన యొక్కటియే మార్చి కాల్చి చూచినచో ఒక ఉదయమున తేలిపోవు వ్యవహారమిది. అట్లు చేయరు; కందెనతోపాటు మందును మార్తురు, గుండు క్రింది అట్టబిళ్లను మార్తురు, దూరమును మార్తురు, అయిదు గుండ్లు దగ్గరదగ్గరగా పడినంతనే కందెనకు పట్టాభిషేకము చేయుదురు.

“ఇంకొక వస్తువు కలదు, చెప్పను”: చెప్పకున్నచో కలదని చెప్పుటయేల? ఇచ్చట వ్యాఖ్యాతకు ఓర్పు లేదు. డమ్‌డమ్‌లో తెలియనివాడు చెప్పలేదు. ఇచ్చట తెలిసినవాడు, లేక తెలిసినట్లు నటించువాడు, చెప్పడు. డబ్బాపై ‘సహజ ద్రవ్యములు’ అని మాత్రము వ్రాయును. గోవును ముట్టనివాడును, పందిని ముట్టనివాడును, మాంసమునే ముట్టనివాడును అదే మైదానమున కాల్చుచుండవచ్చునను తలంపు వానికి రాదు.

“మా తాతగారి తాత బైసనులను వేటాడిన నాటి యోగము”: ఇప్పుడు క్రిస్కో సంగతి. ఇది మొదట ప్రత్తిగింజల నూనెకు హైడ్రోజను పట్టించి, నెయ్యివలె పేరుకొనునట్లు చేసిన వంటకొవ్వు. మనవారు వనస్పతి యనునట్టిది. ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీవారు దీనిని అంగళ్లలోనికి తెచ్చినది 1911లో. బైసనుల దక్షిణపు మంద 1870లలోనే రూపుమాసెను. ఉత్తరపు మంద 1883 నాటికి అంతరించెను. కావున వేటగాడు తన గరిటెను పట్టుకొని ఇరువదియెనిమిదేండ్లు క్రిస్కో కొరకు ఎదురుచూచినాడని అర్థము చెప్పవలెను, అది క్లిష్టాన్వయము. ‘మా తాతగారి తాత’ అనుచోట ‘మా వీధిచివరి పచారీకొట్టు’ అని పాఠముండదగును. లేఖకప్రమాదమున తాతగారు వచ్చి చేరిరి.