పది రూపాయల బాకీదార్లు

మీ ప్రయాణ ఖర్చులో 43 శాతం దేశంలోని సామాన్య పౌరులు భరిస్తున్నారు, ఈ సంగతి మీకు తెలుసా? 2016లో రైల్వేవారు టికెట్ల మీద ఈ ప్రశ్న అచ్చేయించడం మొదలుపెట్టారు. తెలియదు సార్. ఆ సామాన్య పౌరులం మేమేననుకుంటూ ఇన్నాళ్లూ జనరల్ పెట్టెలో బాత్రూము తలుపుకి ఆనుకుని నిలబడ్డాం. పెళ్లికి పిలిచి, విస్తరి ముందు కూచోబెట్టి, లడ్డూ ఖరీదెంతో తెలుసా అని చెవిలో అడిగినట్టుంది. 2024లో పార్లమెంటులో చెప్పిన లెక్క ఇంకా ఘనం: సేవ ఖరీదు వంద రూపాయలైతే ప్రయాణికుడి దగ్గర తీసుకునేది 54, సబ్సిడీ 46. మొత్తం ఏడాదికి 56,993 కోట్లు. కూచున్నచోటే, అదీ సీటు దొరికితే, మన బాకీ వందకి మూడు రూపాయలు పెరిగింది.

ఇంత సబ్సిడీ మెక్కినవాళ్లకు బుద్ధి చెప్పే అవకాశం కరోనా ఇచ్చింది. 2020 మార్చిలో ఆగిపోయిన పాసింజర్లు మళ్లీ పట్టాలెక్కేటప్పటికి నంబరుకి ముందు సున్నా తగిలించుకుని ‘స్పెషల్’ అయిపోయాయి. అవే పెట్టెలు, అవే చెక్క బల్లలు, కనబడ్డ ప్రతి బండికీ పక్కకి తప్పుకునే అదే వినయం. కనీస ఛార్జీ మాత్రం 10 నుంచి 30కి పోయింది. 2024 ఫిబ్రవరి ఆఖర్లో తిరిగి పదికి దించారు. లోక్‌సభ ఎన్నికల ముందు దించడం కాకతాళీయమే అయ్యుంటుంది. మన రైల్వేలో టైముకి జరిగేవి కాకతాళీయాలే. ఆ మధ్యలోనే కొత్త టైంటేబుల్ పేరిట చిన్న చిన్న హాల్టులు ఎగిరిపోయాయి. ఎక్కేవాళ్లు లేరు కాబట్టి ఆపడం లేదన్నారు. ఆగని బండి ఎక్కగల మొనగాళ్లు సినిమాల్లో తప్ప ఎక్కడున్నారు?

ఈ భారం సంగతి బాగా బోధపడాలంటే పొద్దున్నే విశాఖలో బయల్దేరే కిరండూల్ పాసింజరు ఎక్కాలి. శివలింగపురం దాటాక ఘాట్ దారి మొదలవుతుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా, అరకు, ఆపైన ఒడిశా, ఆ చివర బస్తర్. దారంతా కలిపి 58 సొరంగాలు. గిరిజనులు సంతకి పోవాలన్నా, ఆసుపత్రికి దిగాలన్నా ఈ బండే. గంప ఎత్తి తలుపు దగ్గర పెట్టి, పక్కనే తనూ చతికిలబడే ఆడమనిషిని చూడండి. ఖజానాకి చిల్లు పెడుతున్న ముఖమేనా అది?

పోనీ ఈ లైను ఆవిడ కోసం వేశారా? ఆ బస్తర్ కొండల్లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాను పంపడానికి 1960ల్లో వేశారు. కొండలు వీళ్లవి, ఖనిజం వీళ్ల అడవుల్లోది, కిరాయి రైల్వేది. పాసింజర్ల నష్టాన్ని గూడ్సు లాభంతో పూడుస్తున్నామని రైల్వేవారే చెబుతారు. ఆ గూడ్సేమో ఈవిడ ఊరి మీదుగానే పోతుంది, అదీ ఈవిడ బండిని లూప్‌లైన్లో నిలబెట్టి. ఇంతకీ ఎవరి సబ్సిడీ ఎవరు తింటున్నట్టు?

ఇదే బండికి 2017లో అద్దాల కప్పు పెట్టె ఒకటి తగిలించారు. కొండల్ని చూడవచ్చినవాళ్లకి గుండ్రంగా తిరిగే సీట్లు, కొండల్లో పుట్టినవాళ్లకి జనరల్ పెట్టె. ఇక ఆ జపాను నుంచే ఇప్పుడు బుల్లెట్ రైలు వస్తోంది, ముంబై నుంచి అహ్మదాబాదుకి, 508 కిలోమీటర్లు, మంజూరైన అంచనాయే 1.08 లక్షల కోట్లు. దాన్ని భారమన్నవాణ్ణి దేశం ఎదగడం ఓర్వలేనివాడంటారు. ఉడాన్ పథకంలో విమాన సంస్థలకి లోటు పూడ్చడానికీ డబ్బిస్తున్నారు. ఆ బోర్డింగ్ పాసు మీద మాత్రం తెలుసా అని ఎవరూ అడగరు. విమానమెక్కేవాళ్లు సున్నిత హృదయులు.

కెనడావాళ్లు ఈ అచ్చు ఖర్చు కూడా పెట్టుకోలేదు. ఒంటారియో అడవుల మధ్య సూ సెయింట్ మెరీ నుంచి హర్స్ట్ దాకా నడిచే బండికి ఏటా ఇచ్చే 22 లక్షల డాలర్ల సాయం ఆపేస్తున్నట్టు 2014లో ప్రకటించారు. జనం గోల చేస్తే ఒక ఏడాది గడువిచ్చారు. 2015 వేసవిలో బండి ఆగిపోయింది. రోడ్డు లేని చోట్ల ఉన్నవాళ్లకి రోడ్డు మార్గం చూసుకొమ్మనడం అక్కడా పరిపాలనే.

మనవాళ్లు అంత కఠినులు కారు. బండి ఆపరు. ఆలస్యంగా నడుపుతారు, హాల్టు తీసేస్తారు, పెట్టెలు తగ్గిస్తారు, ఎక్కేవాళ్లు తగ్గాక జనాదరణ లేదంటారు. సబ్సిడీ లెక్క చెప్పొద్దని ఎవరూ అనడం లేదు. కాకపోతే పూర్తిగా చెప్పండి. బైలదిల్లా నుంచి ఇన్నేళ్లలో ఎంత ఖనిజం దిగింది, కిరాయి ఎంతొచ్చింది, అందులో ఈ దారిలోని ఊళ్లకి ఎంత ఖర్చు పెట్టారు, బొర్రా స్టేషన్లో పెద్ద బోర్డు మీద రాయించండి. తీరిగ్గా చదువుకుంటారు. గూడ్సు దాటేదాకా బండి ఎలాగూ కదలదు.