గిట్టుబాటు బావగారు

మా బావగారు సముద్రం మీద ఫిర్యాదు ఇవ్వడానికి రిసెప్షన్‌కి వెళ్లినప్పుడు పక్కన నేనున్నాను. సాక్షిగా తీసుకెళ్లారు.

స్వరాజ్ ద్వీపంలో మా రెండో రోజు పొద్దున అది. 2018 చివరిదాకా దాని పేరు హేవ్‌లాక్. పేరు మారినా జెట్టీలో సామాన్లు మోసే కుర్రాడి దగ్గర్నుంచి స్కూటీ అద్దెకిచ్చే ఆయన దాకా ఇప్పటికీ హేవ్‌లాక్ అనే అంటున్నారు. మా రిసార్టు తూర్పువైపు, విజయనగర్ బీచ్ మీద. ముందురోజు పన్నెండింటికి మేం దిగేసరికి గది ఇంకా ఖాళీ కాలేదన్నారు. చేతికో కొబ్బరిబొండాం ఇచ్చి, అంతసేపూ సముద్రం చూస్తూ కూర్చోమన్నారు. చూశాం. నీళ్లు వచ్చి చెట్ల వేళ్లు తడుపుతున్నాయి. రాత్రి పడుకునేటప్పుడు కూడా కిటికీ కిందే చప్పుడు. పొద్దున అయిదున్నరకి బావగారు కర్టెన్ లాగారు. సముద్రం లేదు.

ఉండాల్సిన చోట తడి ఇసుక, పాచిరాళ్లు, పక్కకి ఒరిగిపోయిన రెండు పడవలు. నీళ్లు ఎక్కడో అవతల, ఎవరో చీర ఆరేసి మరిచిపోయినట్టు ఓ నీలం చార.

"సముందర్ కిదర్?" అన్నారు బావగారు కౌంటర్లో అమ్మాయితో. ఆయన హిందీ ఎన్నడూ కాకినాడ పోర్టు దాటి బయటికి రాలేదు.

లో టైడ్ సార్, మళ్లీ మధ్యాహ్నానికి వచ్చేస్తుంది అని ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పి, ఆటుపోట్ల వేళలున్న కాగితం చేతిలో పెట్టింది. బావగారు నావైపు తిరిగారు. "సీ ఫేసింగ్ అని రాసి రెండింతలు పుచ్చుకున్నారోయ్. ఫేసు మనం పెట్టాం. సీ ఏదీ?"

వెనకనుంచి అక్కయ్య, "కాకినాడలో పుట్టి పెరిగారు, పోటూ పాటూ తెలీదా మీకు?" అంది.

"ఎందుకు తెలీదూ. అక్కడ ఊరికే వస్తుంది, ఊరికే పోతుంది. డబ్బులు కట్టాక పోవడమేమిటి?"

ఈ జాతి మనుషులు మీ ఇంట్లోనూ ఒకరుంటారు. వీళ్లని పిసినారులనకండి, అది వేరే శాఖ. పిసినారి ఖర్చుపెట్టడు. గిట్టుబాటు మనిషి పెడతాడు, మారాం చేయకుండా పెడతాడు. పెట్టిన క్షణం నుంచి ఆ డబ్బు తిరిగి రాబట్టుకునే పనిలో ఉంటాడు. విమానంలో కిటికీ సీటు దొరికితే మేఘాల్ని ఒక్కటీ వదలడు. గుళ్లో ప్రత్యేక దర్శనం టిక్కెట్టు కొంటే దేవుడి ముందు కళ్లు మూసుకోడు.

పైగా మా బావగారు విద్యుత్తు శాఖలో అకౌంట్స్ సెక్షన్‌లో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యారు. గది అద్దె రాత్రికి ఇరవై నాలుగు వేలు. కట్టింది జర్మనీలో ఉన్న మా మేనకోడలు. పరాయి సొమ్మయితే మనిషి తేలిగ్గా వాడతాడు, సొంత సొమ్మయితే తిట్టుకుంటూ వాడతాడు. కూతురి సొమ్ము ఈ రెండింటికన్నా బరువు. గంటకి వెయ్యి అని నేను నోరు జారాను. ఆయన జాలిగా చూశారు. "రెండింటికి గదిచ్చి పదకొండుకి పొమ్మంటాడు. ఇరవై ఒక్క గంటలు. గంటకి పదకొండొందల నలభై మూడు." ఆ లెక్క తెలిశాక ఆయనకి నిద్ర పట్టలేదు. నిద్రపోతే ఎనిమిది గంటలు, అంటే తొమ్మిది వేలు మంచంలో పోసినట్టే.

నిరుడు ఆ పిల్లే వీళ్లిద్దర్నీ ఫ్రాన్సులో నీస్ తీసుకెళ్లింది. మధ్యధరా ఒడ్డున రాజులూ జమీందార్లూ చలికాలం గడిపిన ఊరు. పక్కన బావగారు లేకుండా చూస్తే బాగానే ఉంటుందనుకుంటాను. ఆయన తెచ్చిన నివేదిక ఏమిటంటే, అక్కడ ఇసుకే లేదు, అన్నీ గులకరాళ్లు. మనవైపు శ్లాబు వేసే ముందు ఇంటి ముందర లారీ దించి పోయే సరుకు. దానిమీద పడుకోలేక గొడుగూ మంచం అద్దెకి తీసుకోవాలి. "రాళ్లు వాళ్లే పోసి, మంచం వాళ్లే అమ్ముతున్నారు" అని ఏడాదిపాటు చెప్పారు. ఇప్పుడు మాత్రం ఆ నీస్ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. "ఎన్నయినా చెప్పు, అక్కడ సముద్రం ఉన్నచోటే ఉంటుంది." మధ్యధరాలో పోటుకీ పాటుకీ తేడా జానెడు, మహా అయితే మూరెడు. నిజమే. ఏ ఒడ్డుకెళితే దాని ముందటి ఒడ్డు మంచిదవుతుంది ఈ జాతికి.

సముద్రం రోజుకి రెండుసార్లు వస్తుంది, రెండుసార్లు పోతుంది. పక్కరోజు ఇంకో యాభై నిమిషాలు ఆలస్యం. ఆ కాగితం మీద బావగారు పెన్నుతో గీతలు గీసి తేల్చింది, మాకు దక్కే సముద్రం రోజుకి పన్నెండు గంటలని, అందులో ఆరు చీకట్లోనే అని.

చీకటి సంగతి ఇంకో కేసు. జనవరి నెల, సాయంత్రం అయిదున్నర కాకుండానే అక్కడ సూర్యుడు దిగిపోతాడు. పొద్దున మనకన్నా ముందు వస్తాడనుకోండి, దాన్ని ఆయన జమ వేసుకోలేదు, ఖర్చే రాసుకున్నారు. అండమాన్ ఎక్కడో తొంభై మూడో డిగ్రీ మీద ఉంది. గడియారం మాత్రం దేశమంతటికీ ఎనభై రెండున్నర డిగ్రీలదే. ఆ రేఖ కాకినాడకి కూతవేటు దూరంలోనే పోతుంది. ఈ ముక్క నేను చెప్పగానే బావగారు కాసేపు మెత్తబడ్డారు. "అయితే వీళ్లు మన టైముకి నడుస్తున్నారన్నమాట" అని రిసార్టు తోటమాలిని ఒక విధమైన వాత్సల్యంతో చూశారు. అయిదింపావుకి ఆకాశం ఎర్రబడితే మళ్లీ మొదలు. "కాఫీ తాగే వేళకి కరెంటు తీసేస్తే ఎట్లాగోయ్?"

బఫే గురించి ఎక్కువ చెప్పను, ఈ రకం మనిషి బఫే దగ్గర ఏం చేస్తాడో మీకు తెలుసు. ఒకటే చెబుతాను. ఆయన ఏడున్నరకి మొదలుపెట్టి పదిన్నరకి లేచేవారు. కాకినాడ సుబ్బయ్యగారి హోటల్లో కొసరి కొసరి వడ్డించేవాళ్ల మధ్య పెరిగిన మనిషి, ఇక్కడ ఎవరూ "ఇంకొంచెం" అని బతిమాలకపోవడం అవమానంగా తీసుకున్నారు. గొట్టం కాజాలు డబ్బాడు మేమే తెచ్చుకున్నాం. అవి తీశారంటే బఫేలో ఒక కడుపు నష్టమని అక్కయ్యని ముట్టుకోనివ్వలేదు. తర్వాత అవి మెత్తబడిపోయాయి.

శ్రీవిజయపురంలో, అదే నిన్నటి పోర్ట్ బ్లెయిర్లో, ఈ దీవికి వచ్చే ముందురోజు సెల్యులార్ జైలు చూశాం. 1906లో కట్టడం పూర్తయింది. ఏడు రెక్కల్లో మూడే మిగిలాయి. అక్కడ బావగారు ఏ లెక్కా వేయలేదు. కాకినాడ బాంబు కేసు భయంకరాచారిగారిని ఉంచింది ఈ జైల్లోనే కదా అని మాత్రం అన్నారు. ఒక గదిలోకి వెళ్లి, పొడవూ వెడల్పూ అడుగులతో కొలిచి బయటికొచ్చారు. మర్నాడు రిసార్టు బాత్రూం తలుపు తీసి గుమ్మంలోనే నిలబడిపోయారు. "ఇందులో అలాంటివి రెండు పడతాయోయ్." కాసేపు ఊరుకుని, ఉచితంగా ఇచ్చిన షాంపూ సీసాలు లెక్కపెట్టారు. ఆ నాలుగు రోజులూ రోజుకి మూడుసార్లు స్నానం.

మూడో రోజు సాయంత్రం రాధానగర్. ఆ దీవిలో ఊళ్లకి పేర్లున్నాయి, బీచ్‌లకి నంబర్లున్నాయి. ఇది ఏడో నంబరు. నంబర్లు విని ఆయన ముఖం విప్పారింది, ఎక్కడో ఒక పద్ధతి ఉందని. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని రాసింది దీన్నే. వెనక ఆకాశమెత్తు అడవి, ముందు గోధుమపిండిలాంటి ఇసుక, అర్ధచంద్రాకారంలో ఒడ్డు. నా నోట మాట రాలేదు. ఆయన నోట వచ్చింది. అక్కడ బ్లూ ఫ్లాగ్ గుర్తు ఆయన కంట్లో పడింది. శుభ్రతకీ భద్రతకీ ఇచ్చే ఆ గుర్తింపు మన దేశంలో 2020లో తొలి విడతగా ఎనిమిది బీచ్‌లకి వస్తే, అందులో ఇదొకటి, విశాఖ రుషికొండ ఇంకొకటి. ఈ రెండో ముక్క చెప్పిన పాపం నాదే.

"అంటే," అన్నారు బావగారు నెమ్మదిగా, "రుషికొండ, ఇదీ ఒకే గ్రేడు."

"ఆ మాట నిజమే గానీ..."

"విశాఖలో సిటీ బస్సెక్కితే అయిపోయేది."

అప్పుడే అక్కయ్య ఆయన చెయ్యి పట్టుకుని నీళ్లవైపు లాక్కుపోయింది. ముప్పై ఏళ్ల సంసారంలో ఆవిడ నేర్చిన విద్య అది, మాట తెగేలోగా చెయ్యి పట్టుకోవడం.

అక్కడే రాజన్ సంగతి విన్నాం. రాజన్ ఏనుగు. దుంగలు లాగడానికి ఈ దీవులకి తెచ్చిన ఏనుగుల్లో ఒకటి. ఒక దీవి నుంచి ఇంకో దీవికి ఈదించి తీసుకెళ్లేవాళ్లట. నరుకుడు పని ఆగిపోయాక ఈ ఒడ్డున ఉండిపోయాడు. సముద్రంలో ఈదుతుంటే లోకమంతా వచ్చి కిందనుంచి ఫొటోలు తీసుకుంది. 2016లో పోయాడు. ఇంత కథా విని బావగారు అడిగిందొక్కటే: "డిపార్టుమెంటు మూతపడ్డాక తిండెవరు పెట్టారు?" ఒక రిసార్టువాళ్లు చూసుకున్నారన్నాను. తలూపారు. ఆ నాలుగు రోజుల్లో ఆయన పూర్తిగా ఒప్పుకున్న పద్దు అదొక్కటే.

రాత్రి చిన్న పడవల్లో మడ అడవుల మధ్యకి తీసుకెళ్లారు. అమావాస్య వెళ్లి రెండు మూడు రోజులు, చంద్రుడు త్వరగానే దిగిపోయాడు. తెడ్డు వేస్తే నీళ్లలో నీలం మెరుపు. వేలు ముంచితే వేలంత మెరుపు. కంటికానని ప్రాణులేవో కదిలిస్తే వెలుగుతాయట. ముప్పై నాలుగేళ్లు యూనిట్లు లెక్కకట్టిన మనిషి నీళ్లలో చెయ్యి అటూ ఇటూ ఆడిస్తూ, "మీటరు లేదు" అన్నారు. చాలాసేపు ఆడించారు.

స్కూబా మాత్రం కుదరలేదు. ఫారంలో బీపీ ఉందా అన్నచోట నిజాయతీగా ఉంది అని రాసి, ఆ నిజాయతీకి రాయితీ ఏమైనా ఉంటుందా అని అడిగారు. దాని బదులు ఎలిఫెంట్ బీచ్‌కి పడవలో వెళ్లాం. అక్కడ దొరికాడు మా బోటువాడు.

మేం ముగ్గురం తెలుగులో తగువులాడుకుంటుంటే ఇంజను ఆపి, "ఏ ఊరోల్లండి బావూ మీరు?" అన్నాడు. నేను ఆశ్చర్యపోయాను గానీ పోవాల్సిన పనిలేదు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో ప్రతి ఎనిమిది మందిలో ఒకరి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం తీరం నుంచి విశాఖలో ఓడెక్కి వచ్చి వేటలోనూ కూలిపనుల్లోనూ కుదురుకున్నవాళ్లు చాలామంది. "మా తాత సోంపేట కాడ్నుంచి వచ్చీసినాడండి. వచ్చీసి ఇక్కడే ఉండిపోనాడు. నాను ఆ ఊరు సూడనేదు."

బావగారు వెంటనే లోపలికి దిగారు. రోజుకెన్ని ట్రిప్పులు, డీజిల్ ఎంత, నీకెంత మిగులుతుంది. అతను దాచకుండా చెప్పాడు. సముద్రంలో స్నానం చేస్తావా అంటే, "సానం ఇంటికాడండి, బోరింగు నీల్లతోటి" అన్నాడు. బావగారు నా చెవిలో, "ఈ దీవిలో సముద్రం గిట్టుబాటైన మనిషి వీడొక్కడేనోయ్. మనం ఎదురిచ్చి చూస్తున్నాం, వీడికి ఇచ్చి చూపిస్తున్నారు" అన్నారు. తర్వాత తన కేసు అతని ముందు పెట్టారు: పొద్దున్నే సముద్రం ఉండటం లేదని.

అతను పెద్దగా నవ్వాడు. "నీల్లు ఎల్లిపోయినప్పుడే కదండి అసలు సరుకు అగుపడేది! పోటు మీదుంటే ఏటి సూత్తారు, నీల్లేగా?"

అక్కణ్ణుంచి రిసార్టుకి చేరేదాకా బావగారు మాట్లాడలేదు. ఆయన చేతిరుమాల్లో అప్పటికి మూడు రోజులుగా ఏరిన గవ్వలు ముప్పై ఏడు ఉన్నాయి. గవ్వా పగడమూ దీవి దాటించకూడదని ఎవరో చెప్పారు, విమానాశ్రయంలో పెట్టెలు చూస్తారని కూడా. సాయంత్రం ఒడ్డుకెళ్లి ఒక్కొక్కటీ లెక్కపెట్టి తిరిగి వేశారు. రసీదు అడగలేదు.

అయిదో రోజు పొద్దున ఎనిమిదిన్నరకి నీళ్లు పూర్తిగా తీసేశాయి. నేను పెట్టె సర్దుతున్నాను. కిటికీలోంచి చూస్తే, నిన్నటి సముద్రం మధ్యలో, లుంగీ పైకి కట్టి బావగారు గొంతుకూర్చుని ఉన్నారు. వెళ్లాను. బండరాయి పక్కన గుంటలో నీళ్లు మిగిలాయి, ఇంట్లో పచ్చడి కలిపే బేసినంత. అందులో నల్లటి సముద్రపు దోసకాయ ఒకటి పడుకుని ఉంది. బొటనవేలంత చేపలు రెండు దాని మీదుగా తిరుగుతున్నాయి. ఒక శంఖం నడుస్తోంది. అది శంఖం కాదు, లోపల సన్యాసి పీత. పీతకి ఇల్లు ఇరుకైనట్టుంది, పక్కనున్న ఖాళీ గవ్వ దగ్గరికెళ్లి మూతి లోపల కాలుపెట్టి కొలుస్తోంది, బయటికి తీస్తోంది, మళ్లీ పెడుతోంది.

"అరగంట నుంచి బేరమాడుతోందోయ్" అన్నారు బావగారు. గొంతు తగ్గించారు, పీత వింటుందన్నట్టు. "దిగదు, వదలదు."

పదింటికి అక్కయ్య పిలిచింది. పదిన్నరకి నేను పిలిచాను. పదకొండుకి అయిదు నిమిషాలుందనగా రిసెప్షన్ అమ్మాయే చెప్పులు చేత్తో పట్టుకుని ఆ తడి ఇసుకలో నడిచి వచ్చింది. సార్, చెకౌట్ అంది.

బావగారు తలెత్తలేదు. చెయ్యి మాత్రం దూరంగా ఉన్న నీలం చారవైపు చూపించారు.

"ఇంకా నీళ్లు రాలేదు కదమ్మా" అన్నారు తెలుగులోనే.