పోతుతాడా, పెంటితాడా?

ఈ కాలం కుర్రాళ్ళకి ఇటలీ ద్రాక్షల పేర్లన్నీ నోటికొచ్చు. బరోలో వైను పీడ్‌మాంట్ కొండల్లో పండే నెబ్బియోలో ద్రాక్షతోనే చెయ్యాలట. టస్కనీలో కియాంటీకి సాంజొవేజే ముఖ్యమట. సిసిలీకెళ్తే నేరో దావోలా అట. బెంగళూరులో ఉద్యోగం వెలగబెడుతున్న మా మనవడు సంక్రాంతికొచ్చి ఇదంతా ఏకరువు పెట్టాడు. ఓపిగ్గా విని, "ఒరే, మన చెరువుగట్టు మీదున్నది పోతుతాడా, పెంటితాడా?" అనడిగాను. "తాడిచెట్టు తాతా" అన్నాడు. అదీ చదువు!

మా రోజుల్లో పశువులు కాసే గుంటడినడిగినా చెప్పేవాడు. పోతుతాడుకి పూతే గాని కాయుండదు. ముంజలు కాసేది పెంటితాడు. రెండూ గీస్తారు, రుచి మాత్రం దేనిది దానిదే. చలికాలం ఈతకల్లు, ఎండలు ముదిరితే తాటికల్లు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు కొండెక్కితే జీలుగు కల్లు. పచ్చిరొట్టకి పొలంలో చల్లే జీలుగ కాదు నాయనా, ఇది నిలువెత్తు చెట్టు. ఏళ్ళ తరబడి పెరిగాక గాని పూతకి రాదు. వచ్చిందా, పైనుంచి కిందికి ఒక్కొక్క గెలా వేసుకుంటూ దిగి, అట్టడుగు గెలతో తన ఆయువూ ముగించుకుంటుంది. సవరల పెళ్ళికైనా పండక్కైనా ఆ కల్లు పడాల్సిందే.

మా ఊళ్ళో గీసే యాత పెద్దాయన మోకు బిగించి చెట్టెక్కితే కింద నిలబడి చూసేవాళ్ళం. పొద్దున్నా సాయంత్రమూ గెల కొసని ఉల్లిపొర మందాన చెక్కేవాడు. "మందంగా కోస్తే గెల సచ్చిపోద్ది బాబూ" అనేవాడు. కుండలో సున్నం పూస్తే పులవని నీరా, పూయకపోతే కల్లు. బరోలో ముప్పై ఎనిమిది నెలలు మాగితేనే బజారుకి రావాలని వాళ్ళ చట్టమట. మాదానికి ఒక్క పూట చాలు. పొద్దున దింపింది తియ్యన, మధ్యాహ్నానికి ఘాటు, చీకటి పడితే పళ్ళు జివ్వుమనే పులుపు.

సారా సంగతి వేరు. అది కొంపలు కూల్చింది. 1993 అక్టోబరులో నిషేధిస్తే నేనూ సంతోషించాను. కల్లునీ సారానీ ఒకే గాట కట్టేశారనే నా బాధ.

ఇప్పుడో? రోడ్డు పక్కన ప్లాస్టిక్ సీసాలో తెల్లగా ఏదో ఉంటుంది. ఏ చెట్టుదిరా అంటే అమ్మేవాడు నా మొహం చూస్తాడు. తాడితోపులు లేఅవుట్లయ్యాయి, మొద్దులు ఇటుకబట్టీల్లో కాలిపోయాయి. గీతగాడి కొడుకు విశాఖలో వాచ్‌మన్. వాణ్ణి తప్పుపట్టను. కాలు జారితే నడుం విరిగే పని, ఎన్నాళ్ళు చేస్తాడు?

ఇటలీవాళ్ళది మాత్రం మహా మంకుపట్టు. టస్కనీనేలే కోసిమో దొర 1716లోనే కియాంటీకి పొలిమేరలు గీయించాడు. మొన్న 2009లో, ప్రొసెక్కో వైను పేరు పరాయివాళ్ళు వాడకుండా, ద్రాక్షకున్న ఆ పేరే తీసేసి గ్లెరా అని పెట్టారు. పేరు ఊరిదే, చెట్టుది కాదని పేచీ! అంతదూరం దేనికి, అదే ఏడు గోవావాళ్ళు జీడిమామిడి పళ్ళతో కాచే ఫెనీకి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు.

మన ఉద్దానం నిండా అవే జీడితోటలు. పలాస పప్పు దేశమంతా తింటుంది. మేం పిక్క తీసుకుని పండు చెట్టుకిందే పారేస్తాం. వైశాఖంలో మందస వైపు వెళ్ళండి, పులిసిన వాసన బస్సులోకే కొడుతుంది. కాద్దామంటే ఎక్సైజువాళ్ళ కేసు. 2018లో తిత్లీ తుపాను తోటల్ని పడుకోబెట్టేసింది. మళ్ళీ మొక్కలు నాటారు, పెంచారు, మళ్ళీ పళ్ళు పారేస్తున్నారు. ఆవులకైనా వెయ్యండర్రా అంటే, "నీకేటి తాతా, ఊరుకో" అంటారు.