ముందు అరికాలు చూడరా

ఈ కాలపు కుర్రాళ్ళ పద్ధతి నాకు అంతుబట్టదు. కుక్కపిల్ల కాలెత్తి నడిస్తే ముందు ఫోను తీస్తారు. అందులో నోరు తిరగని రోగాల పేర్లు నాలుగు చదువుతారు. విశాఖపట్నంలో చూపిస్తే ఎంతవుతుందని ఎవరినో అడుగుతారు. ఎక్స్‌రేకి ఇంత, రక్తపరీక్షకి ఇంత, ఆపరేషనంటే ఇక చెప్పనక్కర్లేదు అనేసరికి గుండె జారిపోతుంది. ఆ భయంతో నెల్లాళ్ళు ఏమీ చెయ్యకుండా కూర్చుంటారు. ఈలోగా ఆ నోరులేని జీవి మూడు కాళ్ళ మీద గెంతుతూనే ఉంటుంది. దాని కాలు ఒళ్ళో పెట్టుకుని అరికాలు తిప్పి చూసినవాడు ఒక్కడూ నాకు కనపడడు.

మా వీధి కుర్రాడే ఉన్నాడు. మా బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం, కొత్తగా పెళ్ళి, ఇంటద్దె, బండి కిస్తీ. వీటన్నిటి మధ్యా ఒక లాబ్రడార్ పిల్ల. దానికింకా ఏడాది నిండలేదు. వెనక కాలు సరిగ్గా మోపడం లేదని నా దగ్గరికొచ్చి, "తాతా, ఏటి సేద్దామంటావు? డాక్టరు దగ్గరికెల్తే జీతమంతా ఊడ్సుకుపోద్దేమో" అన్నాడు. మంచి గుంటడే. కుక్క తినకపోతే తనూ తినడు. "అరికాలు సూసేవురా?" అన్నాను. తెల్లముఖం వేశాడు.

మా రోజుల్లో ఇలాంటివాటికి ఎవరి దగ్గరికీ పరిగెత్తేవాళ్ళం కాదు. పరిగెత్తడానికి డబ్బేదీ? డబ్బు లేదు గనక కళ్ళు పనిచేసేవి. కుక్క కుంటుకుంటూ ఇంటికొస్తే మా నాన్న దాన్ని అరుగు మీద ఓ పక్కకి పడుకోబెట్టి, మూతి తన చంకలో ఇరికించుకునేవాడు. లాంతరు పట్టుకోవడం నా పని. ముందు బాగున్న కాలు నిమిరేవాడు, దానికి భయం పోవాలని. తర్వాత కుంటే కాలు. వేళ్ళ సందులు విడదీసి చూసేవాడు. పల్లేరుకాయ ఉండేది, లేకపోతే తుమ్మముల్లు విరిగి లోపల దిగి ఉండేది, లేకపోతే గోరు చీలి ఉండేది. అమ్మ తన గాజులకి తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చేది. ముల్లు వచ్చేసిందో లేదో కుక్క మొహమే చెప్పేది. బిగుసుకుపోయిన చెవులు ఒక్కసారిగా వదులయ్యేవి. ఉప్పునీళ్ళతో కడిగి వదిలేస్తే తెల్లారేసరికి వేగావతి ఏటి ఇసుకలో పరుగులు.

ముల్లు లేకపోతే ఇంకా పైకి వెళ్ళేవాడు. మడమ, మోకాలు, తుంటి, ఒక్కొక్క కీలూ నెమ్మదిగా మడిచి చాపేవాడు. ఎక్కడ కుక్క తల తిప్పి నాలుకతో పెదవి తడుపుకుంటే అక్కడ నొప్పన్నమాట. మా గొల్లపల్లిలో వీణలు చేసే సర్వసిద్ధులవారు పనసదుంగ మీద వేళ్ళతో కొట్టి, చెవి ఒగ్గి, లోపలెలా ఉందో చెప్తారే, ఆ నైపుణ్యమే అదీనూ. ఎక్కడ నొప్పో తెలిస్తే డాక్టరు కూడా ఎక్స్‌రే ఆ ఒక్కచోటే తియ్యమంటాడు. తెలియకపోతే ఒళ్ళంతా తియ్యాలి. ఖర్చులో తేడా మీరే లెక్కేసుకోండి.

అసలు నేలలే మారిపోయాయి. మా ఇళ్ళలో పేడతో అలికిన మట్టినేల ఉండేది, ఆ నేల మీద కుక్క గోళ్ళు పట్టు దొరికించుకునేవి. ఇప్పుడో, అద్దెకొంపల్లో కూడా నున్నటి టైల్సు. మొన్న ఆ కుర్రాడి ఇంటికెళ్ళి చూశాను. తలుపు చప్పుడైతే చాలు, ఆ పిల్ల పరిగెత్తుకొస్తుంది, వెనక కాళ్ళు రెండూ చెరోవైపుకీ జారిపోతాయి, లేస్తుంది, మళ్ళీ జారుతుంది. రోజుకి ఎన్నిసార్లో! ఇంకా గట్టిపడని కీళ్ళు ఆ పాట్లు పడితే కుంటక ఏం చేస్తుంది? పాత గోనెసంచులు, చాపలు పరచమన్నాను. పైసా ఖర్చు లేదు. ఇల్లు అందంగా ఉండదని ఆ అమ్మాయి మొహం మాడ్చుకుంది గానీ పరిచింది.

ఇక తిండి. మా అమ్మ కుక్కకి చోడి అంబలి పోసేది, గంజి పోసేది, ఆదివారం చేప తలకాయలుండేవి. వరి అన్నంలో సున్నం దాదాపు లేనట్టే. చోళ్ళలో నూరు గ్రాములకి సుమారు 340 మిల్లీగ్రాములుంటుందని పోషకాహారం చదివినవాళ్ళు చెప్తారు. వట్టి అన్నం, చారు, లేదా ఎముక లేని మాంసం మాత్రమే పెట్టి పెంచిన పిల్లకి సున్నం చాలక ఎముకలు మెత్తబడతాయి, చిన్న గెంతుకే విరుగుతాయి. దానికి విరుగుడని ఇప్పటివాళ్ళు దుకాణంలో కాల్షియం సీసా కొని చెంచాలకి చెంచాలు పట్టిస్తారు. పెద్ద జాతి పిల్లకి డబ్బాల మేత పెడుతూ పైగా అది కూడా పోస్తే ఎముకల ఎదుగుదలే వంకరపోతుంది. తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే.

ఒళ్ళు సంగతీ అంతే. అమెరికాలో 48 లాబ్రడార్లని జతలు జతలుగా పెంచి, ప్రతి జతలో ఒకదానికి పావువంతు తిండి తగ్గించి, బతికినన్నాళ్ళూ కనిపెట్టి చూశారు. ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి, వాటి తుంటి కీళ్ళ అరుగుదల కూడా బాగా ఆలస్యమైంది. మా అమ్మ ఏ పరిశోధనా చదవలేదు. మిగిలిందే పెట్టేది, మిగిలేది కొంచెమే. మా కుక్కల నడుములు సన్నగా, పక్కటెముకలు చేతికి తగిలేటట్టు ఉండేవి. మీ కుక్కలకి బిస్కెట్లు, మజ్జిగన్నం, మళ్ళీ బిస్కెట్లు. ముద్దుకి పెడతారు, ఆ బరువు కీళ్ళు మోస్తాయి.

ఇలా నేను వీధరుగు మీద కూర్చుని చెప్పుకుపోతుంటే, గరివిడి పశువైద్య కళాశాలలో చదివే మా మేనకోడలి కూతురు, పండక్కి వచ్చింది, అన్నీ విని ఒకటే అడిగింది. "తాతయ్యా, ముల్లు లేకుండా కుంటిన కుక్కలు మీ రోజుల్లో ఏమయ్యేవి?"

ఏమయ్యేవి? కొన్ని తగ్గేవి. కొన్ని బతికినన్నాళ్ళూ కుంటేవి. కొన్ని ఒకరోజు ఇంటికి వచ్చేవి కావు. వాటి గురించి ఎవరమూ మాట్లాడుకునేవాళ్ళం కాదు. పుట్టిన పిల్లల్లో బలమైనవే మిగిలేవి గనక మా ఊరకుక్కలన్నీ ఉక్కుకాళ్ళవనిపించేది. ఆ పిల్ల అడిగింది న్యాయమే.

ఎదిగే కుక్క కుంటడానికి ముల్లూ బెణుకూ కాక వేరే కారణాలున్నాయని అదే విడమరిచి చెప్పింది. అయిదు నెలల నుంచి ఏడాదిన్నర లోపు పెద్ద జాతి పిల్లల్లో పొడుగు ఎముకల లోపల నొప్పి పుడుతుందట, పానోస్టియైటిస్ అంటారు. ఇవాళ ముందుకాలు, పదిరోజులాగి వెనక కాలు, అలా మారుతూ తిరుగుతుంది. చివరికి దానంతటదే పోతుంది. లాబ్రడార్‌కీ జర్మన్ షెపర్డ్‌కీ తుంటి బంతి గిన్నెలో సరిగ్గా కూర్చోని జబ్బు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. పొమేరియన్ లాంటి చిన్నవాటికి మోకాలి చిప్ప పక్కకి జారుతుంది, నాలుగడుగులు వేసి ఒకడుగు గెంతుతాయి. ఇవి కాక మన వేడి ఊళ్ళలో పిడుదుల జ్వరం ఉండనే ఉంది. కీళ్ళు వాస్తాయి, తిండి మానేస్తుంది, చిగుళ్ళు పాలిపోతాయి. రక్తపరీక్షలో పట్టుబడుతుంది. దానికి వాడే డాక్సీసైక్లిన్ ఖరీదైన మందు కాదు, కాకపోతే డాక్టరు చెప్పినన్ని వారాలూ ఆపకుండా వెయ్యాలి. తుంటి జబ్బు తేలినా అన్నిటికీ ఆపరేషను అక్కర్లేదట. బరువు తగ్గించి, గెంతులు మాన్పించి, మెత్తటి నేల మీద రోజూ కొంచెం నడిపిస్తే చాలా కుక్కలు సుఖంగానే బతుకుతాయి.

మరి ఈ జబ్బుని కొనితెచ్చుకోవడం ఎందుకు? అమెరికాలో 1966లోనే కుక్కల తుంటి ఎక్స్‌రేలు చూసి పత్రం ఇచ్చే సంస్థ పెట్టారు, రెండేళ్ళు నిండితే గానీ ఆ పత్రం ఇవ్వరు. మనవాళ్ళు పిల్లని కొనేటప్పుడు తల్లి ఎలా నడుస్తోందో చూశారా? ఫొటో చూసి డబ్బు పంపిస్తారు. మా రోజుల్లో పిల్లని తెచ్చుకోవాలంటే తల్లి ఎవరింటిదో, తండ్రి ఏ వీధిదో తెలిసే తెచ్చుకునేవాళ్ళం.

ఇంకొక్కటి, ఇది మాత్రం చెవిలో వేసుకోండి. డాక్టరు ఫీజు మిగులుతుందని ఇంట్లో నొప్పిమాత్ర ముక్క విరిచి కుక్క నోట్లో వెయ్యకండి. మనం మింగే ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క పొట్టలో పుళ్ళు పెడతాయి, మూత్రపిండాల్ని పాడుచేస్తాయి. పారాసిటమాల్ కూడా సొంతంగా వెయ్యకూడదు. నా చిన్నప్పుడు ఊరి బయట చచ్చిన పశువుని పడేస్తే రాబందులు దిగేవి. రెక్కల చప్పుడుకి మేం పిల్లలం చెట్టు చాటుకి పోయేవాళ్ళం. గంటల్లో ఎముకలు తెల్లగా మిగిలేవి. ఇప్పుడు మా మనవలకి రాబందు బొమ్మే గతి. పశువుల నొప్పులకి పొడిచిన డైక్లోఫెనాక్ కళేబరాల్లో ఉండిపోయి, తిన్న రాబందుల్ని చంపింది. 2006లో పశువులకి ఆ మందు వాడకూడదని మన దేశంలో నిషేధం పెట్టారు. అప్పటికే ఆకాశం ఖాళీ అయిపోయింది. ఏ జీవికి ఏ మందు పడుతుందో తెలిసినవాళ్ళని అడక్కుండా వేస్తే అంత పని జరుగుతుంది.

ఖర్చుకి భయపడి కుక్కని రైల్వే స్టేషను దగ్గర వదిలేసి వచ్చేవాళ్ళున్నారని వింటే నాకు రక్తం మరుగుతుంది. నొప్పితో ఉన్న జంతువుని అలా వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకూ. ఆ అంకెని ఇన్నేళ్ళుగా ఎవరూ పెంచలేదంటే ఆ ప్రాణానికి మనం ఇచ్చే విలువ అంతేనేమోనని సిగ్గేస్తుంది.

కాబట్టి మనవడా, అరికాలు చూశాక, ముల్లు లేకపోతే, రెండు వారాలు గొలుసు విప్పకు. మెట్లు వద్దు, బంతాటలు వద్దు, మంచం మీంచి దూకనివ్వకు. కాలు అసలు మోపకపోయినా, వాచినా, వేలాడుతున్నా, జ్వరమున్నా ఆ రెండు వారాలు కూడా ఆగకు. నీ కుక్క కుంటడం మొదలై ఇప్పటికే నెల దాటింది. రేపు పొద్దున్నే ఎండెక్కకముందే మన బొబ్బిలి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఆవులకే గాని కుక్కలకి చూడరనుకోకు. బండి మీద తీసుకెళ్ళలేకపోతే 1962కి ఫోను చేసి అడుగు, 2022 నుంచి పశువుల అంబులెన్సులు తిరుగుతున్నాయి. మా నాన్న ఇది చూసుంటే నమ్మేవాడు కాదు. కొత్త చోట భయంతో కుక్కలు కుంటు దాచేస్తాయి, అందుకని అది ఇంటి దగ్గర నడుస్తుండగా వీడియో తీసి పట్టుకెళ్ళు. ఎప్పటి నుంచి, ఏ కాలు, పొద్దున్న ఎక్కువా, ఆడాక ఎక్కువా, కాగితం మీద రాసుకో.

డబ్బు సంగతి దాచకు. నా దగ్గర ఇంతే ఉందండీ, ఇందులో ఇవాళ తప్పనిసరిది ఏది, వచ్చే నెల జీతం దాకా ఆగగలిగేది ఏది అని ముందే అడుగు. అలా అడగడం తప్పు కాదు, మా నాన్న కాంపౌండరుని కూడా అలాగే అడిగేవాడు. ఎక్స్‌రే కావాలంటే, ఇక్కడ లేదంటే, గరివిడి కాలేజీకి చీటీ రాయించుకో. ఆటో మాట్లాడుకుని ఇద్దరూ వెళ్ళండి, వెనక సీట్లో దాని తల ఒకరు ఒళ్ళో పెట్టుకోవాలి. తోడు ఎవరూ లేకపోతే నన్ను పిలువు, వస్తాను.